గాయం మానింది, నొప్పి మానలేదు: నరాలకు మరో పాఠం నేర్పే పద్ధతి

సూళ్లూరుపేట నుంచి ఒక పిన్నిగారు నా దగ్గరకు వచ్చేవారు. వయసు 54. రెండేళ్ల కిందట వానలో ఒక స్టేషన్ వంతెన మెట్ల మీద కాలు జారి ఎడమ చీలమండ బెణికింది. ఎముక విరగలేదు. ఆరు వారాలు కట్టు ఉంచారు, వాపు తీసింది, స్కానింగ్‌లో అంతా బాగుందన్నారు. అయినా చెన్నైకి రైలెక్కిన ప్రతిసారీ ఒకటే వరస. తడ, గుమ్మిడిపూండి, పొన్నేరి దాకా కబుర్లు చెప్పుకుంటూ హాయిగా వస్తారు. తిరువొత్తియూరు దాటగానే చీలమండలో సలుపు మొదలవుతుంది. అప్పటికి ఆమె ఇంకా సీటులోనే కూర్చుని ఉంటారు, కాలి మీద బరువే పడలేదు. దిగవలసిన చోటు దగ్గరపడిందని కాలికి ముందే తెలిసిపోయినట్టు ఉంటుంది.

"అంటే నాది ఉత్తుత్తి నొప్పా డాక్టరమ్మా? మా ఇంట్లో వాళ్లు అదే అంటున్నారు" అని మొదటి రోజే అడిగారు. అడుగుతూ చీర అంచు కాస్త పైకి తీసి చూపించారు. కుడి కాలికి వెండి పట్టీ ఉంది, ఎడమ కాలికి లేదు. పట్టీ తగిలితే మంటట.

చెన్నైలోని పాత వాషర్‌మన్‌పేటలో 22 ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట వైపు నుంచి వచ్చేవారి నోట ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ బాధ కలుగుతుంది. ఫిల్ములో కనిపించని నొప్పిని అబద్ధం అనడం తప్పు. పిన్నిగారి నొప్పి నిజం. ఆమె చీలమండ మానింది, కానీ దాని గురించి ఆమె నరాలు నేర్చుకున్న పాఠం అలాగే ఉంది. ఆ పాఠం పక్కన మరో పాఠం ఎలా నేర్పాలో, ఇంట్లో మీరు చేసుకోగలిగినంత వరకు, ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, ఈ పద్ధతి ఎవరికి కాదో చెప్పాలి. మలమూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా, కాలో చెయ్యో రోజురోజుకూ బలం కోల్పోతున్నా, నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉన్నా, ఛాతీలో నొప్పి అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కింద పడి రెండు రోజులైనా కాకపోతే మీకు కావలసింది ఎముకల డాక్టర్. దెబ్బ తగిలో, ఆపరేషన్ జరిగో మూడు నెలలు దాటి, డాక్టర్ చూసి ప్రమాదం ఏమీ లేదన్నాక కూడా నొప్పి వదలనివారి కోసమే ఈ మాటలు.

ఇక లోపల జరిగేది. ఒక నాడీ కణం తన కబురును పక్క కణానికి అందించే సన్నని సందును సినాప్స్ అంటారు. మా పేటలోని ఎం.సి. రోడ్డులో చీరల దుకాణాలు చూసినవారికి దాని తీరు చెప్పడం తేలిక. కొత్తగా వెళ్లిన మనిషి నోరు తెరిచి అడిగితే గానీ దుకాణం కుర్రవాడు బీరువా తీయడు. అదే పదిసార్లు కొన్న మనిషయితే, గడప తొక్కగానే పరుపు మీద చీరలు పరిచేస్తాడు. కొన్నాళ్లకు ఆమె ఊరికే పలకరించడానికి వచ్చినా పరుస్తాడు. ఇంకొన్నాళ్లకు ఆమె పక్కన నడిచి వచ్చిన చెల్లెలిని చూసినా పరుస్తాడు. పిన్నిగారి వెన్నుపాములో జరిగింది ఇదే. మొదట గట్టి దెబ్బ కబురుకే స్పందించిన కణాలు, తర్వాత చిన్న కదలికకూ స్పందించాయి, చివరికి పట్టీ తగలడం అనే మామూలు స్పర్శకు కూడా నొప్పి కేకను పైకి పంపసాగాయి.

ఈ మార్పు ఎలా జరుగుతుందో చాలావరకు తెలుసు. కబురు మోసే రసాయనం పేరు గ్లుటమేట్. దాన్ని అందుకునే గ్రాహకాలలో ఎన్‌ఎండీఏ అనే రకానికి మెగ్నీషియం బిరడాలా అడ్డుపడి ఉంటుంది. చిన్నాచితకా కబుర్లకు ఆ బిరడా కదలదు. గట్టి కబురు పదే పదే వచ్చినప్పుడు ఊడుతుంది, కాల్షియం లోపలికి వస్తుంది, కణం తన పైపొర మీద మరిన్ని గ్రాహకాలను నిలుపుకుంటుంది. ఆ తర్వాత అదే కబురు మునుపటికన్నా గట్టిగా వినిపిస్తుంది. సినాప్స్ ఇలా చాలాసేపు బలపడి ఉండటాన్ని బ్లిస్, లోమో అనే ఇద్దరు 1973లో కుందేళ్ల హిప్పోకాంపస్‌లో చూపించారు. హిప్పోకాంపస్ అంటే మెదడులో కొత్త జ్ఞాపకాలు ఏర్పడటానికి కీలకమైన చోటు. పదేళ్ల తర్వాత, 1983లో, క్లిఫర్డ్ ఉల్ఫ్ అనే పరిశోధకుడు గాయం వల్ల వెన్నుపాము కణాలే అతిగా స్పందించే స్థితికి వస్తాయని చూపించారు. జ్ఞాపకం ఏర్పడటంలోనూ, నొప్పి ముదరడంలోనూ నరాలు వాడుకునే పనిముట్లు చాలావరకు ఒకటే. నా వృత్తిలో నేను తెలుసుకున్న విషయాలలో నన్ను ఎక్కువగా మార్చింది ఇదే.

నొప్పిని గుర్తుపెట్టుకోవడానికి మనకు ఎరుక కూడా అక్కరలేదు. జెనీవాలో క్లాపరేడ్ అనే వైద్యుడు 1911లో రాసిన ఒక వృత్తాంతం ఉంది. ఆయన దగ్గర చికిత్స పొందుతున్న ఒకామెకు కొత్త విషయం ఏదీ గుర్తుండేది కాదు. ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచుకుని ఆమెతో చేయి కలిపారు. తర్వాత ఆమెకు ఆ సంగతి ఏమీ గుర్తులేదు. అయినా ఆయన చేయి చాచేసరికి తన చేయి వెనక్కి తీసుకుంది. ఎందుకో సరిగా చెప్పలేకపోయింది. పిన్నిగారి చీలమండ తిరువొత్తియూరు దగ్గర చేసే పని అదే.

ఊరట కలిగించే సంగతి కూడా ఒకటుంది. ఎరిక్ కాండెల్ అప్లీసియా అనే సముద్రపు నత్త మీద చేసిన పనికి 2000లో నోబెల్ బహుమతిలో భాగం అందుకున్నారు. ఆ నత్తకు కొన్ని రోజుల పాటు మళ్లీ మళ్లీ షాక్ ఇస్తే, అది చిన్న స్పర్శకే మొప్పను గట్టిగా ముడుచుకోవడం నేర్చుకుంటుంది, వారాల తరబడి మరిచిపోదు. స్పర్శ నరాల కొసలను సూక్ష్మదర్శినిలో లెక్కపెడితే దాదాపు రెట్టింపు అయ్యాయి. ఆ జ్ఞాపకం సన్నగిల్లాక లెక్కపెడితే కొసలు తిరిగి తగ్గాయి. నేర్చుకుని పెరిగిన కలయికలు తగ్గనూ గలవు.

ఇవన్నీ చెప్పి పిన్నిగారితో అన్నాను: "చీకట్లో తాడును చూసి పామనుకున్నవాడి గుండె దడ నిజమైనదే కదా పిన్నీ. మీ నొప్పి కూడా అంతే నిజం. పాము లేదని నేను చెబితే దడ ఆగదు. ఆ తాడు దగ్గరికి మీరే కొద్దికొద్దిగా నడిచి, ముట్టుకుని చూడాలి." ఆ మాటకు ఆమె చాలాసేపు ఏడ్చారు.

మొదటి పని ఒక నోటు పుస్తకం. నొప్పి ఎంత ఉందో గంటగంటకూ రాయకండి, అది నొప్పి మీద కాపలా పెట్టినట్టవుతుంది. మొదలైనప్పుడు మాత్రం ఎక్కడ ఉన్నారు, ఎవరితో ఉన్నారు, అంతకుముందు ఏం చేశారు, ముందు రాత్రి ఎంతసేపు నిద్రపోయారు, ఈ నాలుగూ రాయండి. పది రోజులు చాలు. పిన్నిగారి పుస్తకంలో నాకు దొరికినవి: రైలు, వాన చప్పుడు, ఆ రోజు వేసుకున్న చెప్పుల లాంటి చెప్పులు, పెద్ద కోడలు ఫోను చేసి "కాలు ఎలా ఉంది?" అని అడగడం. గుడిలో ప్రదక్షిణలు చేసిన రోజున, అదీ పదకొండు చుట్లు తిరిగిన రోజున, నొప్పి రాయలేదు. ఆ పేజీ చూపించి, కాలు నడవగలదనడానికి మీరు రాసిన రుజువే ఇది అన్నాను. మీ పుస్తకంలోనూ అలాంటి పేజీ ఒకటి ఉంటుంది, వెతకండి.

రెండో పని కొలత పట్టడం. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజున ఇల్లంతా కడిగి, బట్టలు ఉతికి, మర్నాటి నుంచి మూడు రోజులు మంచం ఎక్కుతారు. దాంతో "పని చేస్తే నొప్పి" అన్న పాఠాన్ని నరాలు మరోసారి వల్లె వేసుకుంటాయి. అందుకని బాగాలేని రోజున కూడా చేయగలిగినంత పనే మీ కొలత. దానికన్నా కాస్త తక్కువతో మొదలుపెట్టండి. పిన్నిగారికి మెట్లంటే భయం కనుక నాలుగు అంగుళాల ఎత్తున్న చెక్క పీట తీసుకున్నాము. బాగాలేని రోజున ఆమె పదిసార్లు ఎక్కి దిగగలిగారు. కనుక ఎనిమిదితో మొదలు, పూటకు ఎనిమిది, రోజుకు రెండు పూటలు, రెండు రోజులకొకసారి ఒకటి చొప్పున పెంచడం. ఒళ్లు ఎంత బాగున్నా అంతకు మించకూడదు, కాస్త సలిపినా లెక్క పూర్తి చేయాలి. చేసేటప్పుడు నొప్పి కొద్దిగా పెరగవచ్చు. మర్నాటి ఉదయానికి మామూలు స్థితికి వస్తే సరైన కొలతలోనే ఉన్నట్టు. రాకపోతే లెక్కలో రెండు తగ్గించి మళ్లీ పెంచుకుంటూ రావాలి. మొదటి వారం ఆమె గోడ పట్టుకుని, ఊపిరి బిగబట్టి, పెదవి కొరుక్కుంటూ ఎక్కేవారు. నేను ఆమె కాలి వైపు చూడటం మానేసి ముఖం చూడసాగాను. ఊపిరి బిగబట్టి చేసింది నరాలకు గండం గడిచినట్టే ఉంటుంది. అందుకని ఎక్కుతూ అంకెలు పైకి చెప్పమన్నాను. పైకి చెబితే ఊపిరి బిగబట్టడం కుదరదు. మూడో వారానికి అంకెల బదులు మనవడికి పద్యం అప్పజెబుతూ ఎక్కుతున్నారు.

మూడో పని తరచుగా అందరూ వదిలేసేది: చోట్లు మార్చడం. పావ్లోవ్ అనే శాస్త్రవేత్త కుక్కల సంగతి తెలిసినదే: తిండికి ముందు ప్రతిసారీ గంట మోగిస్తే, కొన్నాళ్లకు గంట వినగానే కుక్కకు లాలాజలం ఊరుతుంది. ఆ తర్వాత గంట మోగించి తిండి పెట్టకపోతే కొన్నాళ్లకు లాలాజలం ఊరడం ఆగిపోతుంది. కానీ కొంత విరామం ఇచ్చి మళ్లీ గంట మోగిస్తే తిరిగి ఊరుతుంది. పాత పాఠం చెరిగిపోదు, కొత్త పాఠం దాని మీద పరుచుకుంటుంది, ఆ కొత్త పాఠం నేర్చిన చోటుకే ఎక్కువగా అంటిపెట్టుకుని ఉంటుంది. నా గదిలో పీట ఎక్కినంత మాత్రాన స్టేషన్ మెట్లు ఎక్కగలరని కాదు. అందుకే ఆమె ఇంటి మేడ మెట్లు, తర్వాత గుడి మెట్లు, తర్వాత తన ఊరి స్టేషన్‌లో జనం లేని పదకొండు గంటల వేళ వంతెన, చివరికి తాను జారిన మెట్లు, ఈ వరసలో నడిచారు. ఆ చివరి మెట్ల దగ్గరకు మొదటిసారి చిన్న కోడలితో వెళ్లి, ఎక్కకుండా కింద బల్ల మీద పావుగంట కూర్చుని వచ్చేశారు. అది కూడా సాధనే. రెండోసారి నాలుగు మెట్లు. రైలులో తిరువొత్తియూరు వచ్చినప్పుడు చేయడానికి ఒక చిన్న పని ఇచ్చాను: చెప్పు విడిచి మడమను నేలకు ఆనించి, పాదాన్ని నెమ్మదిగా పైకీ కిందికీ ఇరవైసార్లు కదిలిస్తూ, ఊపిరి తీసుకున్న దానికన్నా వదలడం ఎక్కువసేపు సాగించాలి. సలుపు వచ్చే వేళకు కాలు హాయిగా కదులుతూ ఉండాలి.

స్పర్శకే మంట పుట్టేవారికి మరో సాధన ఉంది. దూది, పట్టుచీర కొంగు, నూలు తువ్వాలు, గరుకు తువ్వాలు, వీటిని మెత్తనిదానితో మొదలుపెట్టి వరసగా వాడాలి. మంట లేని చోట మొదలుపెట్టి అంచుల నుంచి లోపలికి రావాలి. పూటకు ఐదు నిమిషాలు, రెండు పూటలా, ఆ చోటును చూస్తూ. మంట ఓర్చుకోలేనంత అయితే కాస్త పక్కకు జరిగి, తగ్గాక తిరిగి రండి. దీనితో పాటు ఒక ఆట ఉంది. చీలమండ చుట్టూ ఐదు చోట్లకు ఐదు అంకెలు పెట్టి, మీరు కళ్లు మూసుకుంటే ఇంట్లో ఒకరు కలం మూతతో తాకాలి, మీరు అంకె చెప్పాలి. కొన్నాళ్లు నొప్పి పడిన భాగం గురించి మెదడుకు సరైన గుర్తింపు తగ్గుతుంది. అది తిరిగి తెలిసేలా చేస్తుంది ఈ ఆట. చక్కెర జబ్బుతో పాదాలు మొద్దుబారినవారు మాత్రం కాపడాలు, పదునైన వస్తువుల జోలికి అస్సలు పోకండి. పిన్నిగారు ఏడో వారంలో పట్టీ తెచ్చి ముందు అరగంట పెట్టుకున్నారు, తర్వాత గంట, తర్వాత తీయడం మరిచిపోయారు.

అద్దం గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే అది మా నాన్న సంగతి. చక్కెర జబ్బుతో ఆయన ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఆ తర్వాత కూడా లేని బొటనవేలు, ఆపరేషన్‌కు ముందు పుండు ఉన్న వైపే సలిపేది. తీసేయడానికి ముందున్న నొప్పే లేని కాలిలో తిరిగి వినిపించడం చాలామందిలో కనిపించేదే. వేళ్లన్నీ లోపలికి ముడుచుకుపోయి విప్పలేనట్టు ఉందని రాత్రిళ్లు కూర్చునేవారు. అద్దంతో ఈ బాధకు ఉపాయం 1990లలో కనిపెట్టిన నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ ఎంబీబీఎస్ చదివింది మా వీధుల నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉన్న స్టాన్లీ వైద్య కళాశాలలోనే. ప్యారిస్ కార్నర్ దగ్గర ఒక నిలువుటద్దం కొని, నాన్న కాళ్ల మధ్య నిలబెట్టాను. కుడి పాదం అద్దంలో ఎడమ పాదంలా కనిపిస్తుంది. రోజూ పావుగంట కుడి వేళ్లు ముడిచి, విప్పి, అద్దంలోకే చూసేవారు. మూడు వారాలకు ముడుచుకుపోయిన భావన సడలింది. మంట మాత్రం పూర్తిగా పోలేదు. ఇది కొందరికి పని చేస్తుంది, కొందరికి చేయదు. చేస్తే తల తిరిగినట్టో, నొప్పి పెరిగినట్టో అనిపిస్తే ఆపి, తెలిసినవారి సాయంతో చేయండి.

నాన్న వల్ల నేర్చుకున్నది మరొకటి. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా నొప్పిని పంటి బిగువున భరించడం గొప్ప కాదు. మొదట్లో తీవ్రంగా ఉండే నొప్పి తర్వాత చాలాకాలం నిలిచిపోయే అవకాశాన్ని పెంచుతుంది. మందు అడగండి. చాలాకాలంగా ఉన్న నరాల నొప్పికి డాక్టర్లు ఇచ్చే ప్రీగాబలిన్, డ్యులాక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి వేరే రకం మందులు. అవి వారు చెప్పినట్టే వాడాలి, మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకూడదు.

"మతిమరుపు కూడా వచ్చింది, స్టవ్ కట్టేశానో లేదో గుర్తుండటం లేదు" అని చాలామంది భయపడుతూ చెబుతారు. ఎడతెగని నొప్పి ధ్యాసను తినేస్తుంది. ధ్యాస పెట్టనిది గుర్తుండదు. నిద్ర చాలకపోతే నొప్పి పెరుగుతుంది, పగలు నేర్చుకున్నది మెదడులో స్థిరపడటమూ కుంటుపడుతుంది. అందుకని సాధనను పడుకునే వేళకు తోయకండి, పగలే ముగించి, రోజూ ఒకే వేళకు నిద్ర లేవండి. మరుపు పెరుగుతూ పోతుంటే, తెలిసిన దారులే తప్పుతుంటే అది వేరే సంగతి, డాక్టర్‌కు చూపించాలి.

స్కానింగ్ కాగితం గురించి ఒక్క మాట. "డిస్కు అరిగింది" అని చదివి నడవడం మానేసినవారిని చూశాను. నొప్పి ఏమీ లేని 3,110 మంది వెన్నెముక చిత్రాలపై జరిగిన అధ్యయనాలను కలిపి 2015లో లెక్కవేస్తే, డిస్కు అరుగుదల 20 ఏళ్లవారిలోనే 37 శాతం మందిలో, 80 ఏళ్లవారిలో 96 శాతం మందిలో కనిపించింది. తెల్ల వెంట్రుకలకు ఎంత బెంబేలు పడతామో, వేరే లక్షణాలు లేని అరుగుదలకూ అంతే చాలు.

ఇంట్లోవారికి నా విన్నపం. "వంగకు, ఎత్తకు, జాగ్రత్త" అని రోజంతా అనకండి. ప్రేమతో అంటారని తెలుసు, కానీ ప్రతి హెచ్చరికా ఆ కాలికి మరోసారి ప్రమాదాన్ని గుర్తుచేస్తుంది. "కాలు ఎలా ఉంది?" బదులు "ఇవాళ ఎన్ని ఎక్కావు?" అని అడగండి. పిన్నిగారి పెద్ద కోడలు ఆ ఒక్క మాట మార్చింది.

చివరగా, నొప్పి తిరగబెట్టిన రోజు. అది తప్పకుండా వస్తుంది. పిన్నిగారికి నాలుగో నెలలో, తుపాను వానల్లో, ఇంటి అరుగు మీద కాస్త జారి, పడకుండానే, పాత సలుపు మొత్తం తిరిగి వచ్చింది. ఫోనులో గొంతు వణుకుతోంది. వాపు ఉందా, రంగు మారిందా, నాలుగు అడుగులు వేయగలరా అని అడిగాను. వాపు లేదు, రంగు మారలేదు, నడవగలుగుతున్నారు. ఆ రోజుకు విశ్రాంతి, కావాలంటే గోరువెచ్చని కాపడం, మర్నాడు అప్పటి లెక్కలో సగం చేయమన్నాను. అప్పటికి ఆమె పూటకు ముప్పై చేస్తున్నారు కనుక పదిహేను. మంచం మీద మాత్రం ఉండవద్దన్నాను. నాలుగు రోజులకు సలుపు దిగింది, పది రోజులకు మళ్లీ ముప్పైకి చేరారు. నోటు పుస్తకంలో ఆ పేజీ మీద తేదీ, "వాన, అరుగు, 15" అని రాసి, కింద అండర్‌లైన్ చేసి ఉంచమన్నాను. వచ్చేసారి నాకు ఫోను చేసే ముందు ఆ పేజీ తీసి చూడాలని.